తాళపుచెవి యెక్కడ నున్నది?

(కంప్యూటరులో ఆపరేటింగు సిస్టమును మరల ఎక్కించునపుడు కలుగు చిక్కులను గూర్చి మా కేంద్రమునుండి ప్రసారమైన ప్రసంగపాఠము)

మా యింటి పాత ట్రంకుపెట్టెలో ఒక చిన్న పుస్తకమున్నది. అది మా తాతగారి రేడియో లైసెన్సు పుస్తకము. ఆయన ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, అందులో ముద్ర వేయించుకొని వచ్చెడివారట. రేడియో పెట్టె అంగడిలో కొన్నదే. దాని ధర ఎన్నడో చెల్లిపోయినది. అయినను ఆ పెట్టెను ఇంట మ్రోగించుటకు అనుమతి వేరుగా నుండవలెను. పెట్టె వేరు, అనుమతి వేరు. 1980ల నడుమ ప్రభుత్వము ఆ లైసెన్సులను రద్దు చేసినది గావున నేటి యువకులకీ సంగతి వింతగా తోచును. కాని అదే భేదము మరియొక వేషము ధరించి ఇప్పుడు మన యిండ్లలోనికి తిరిగి వచ్చినది. దాని పేరు ప్రోడక్ట్ కీ.

ఈ ప్రసంగమునకు కారణమైనది ఒక శ్రోత వ్రాసిన జాబు. కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె యనగానే చాలమందికి యురేనియము గని జ్ఞప్తికి వచ్చును. కాని తక్కిన పల్లెలందువలెనే అక్కడను అరటితోటలు, చీనీతోటలు, వానకై ఎదురుచూచు వేరుసెనగ చేలు ఉన్నవి. చదువుకొను పిల్లలు గల యిండ్లును ఉన్నవి. అట్టి యొక యింటి పెద్ద ఇట్లు వ్రాసినాడు:

“సార్, 2021లో చీనీకాయలు అమ్మిన దుడ్డుతో పాపకు ల్యాప్‌టాప్ కొనిచ్చినాం. అది నిదానమైపోయిందని టౌన్లో అంగడికిస్తే, అంతా తుడిచేసి కొత్తగా వేసిచ్చినాడు. ఇప్పుడు తెరమీద మూలన ఏదో రాత వస్తాంది, పోవడంల్యా. తాళంచెవి లేదంట, రెండువేలిస్తే కొత్తది వేస్తాడంట. మేం కొన్న వస్తువుకే మల్లా తాళంచెవి కొనాలంటే ఇదేం న్యాయం సార్?”

ఈ ప్రశ్న తుమ్మలపల్లెకు మాత్రమే చెందినది కాదు. ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి యింటికిని ఎప్పుడో ఒకప్పుడు వచ్చునదే. దీనికి సమాధానము ముందుగా ఒక్క మాటలో చెప్పి, పిదప వివరించెదను. చాల సందర్భములలో ఆ తాళపుచెవి పోయియుండదు. అది ఎక్కడ నున్నదో ఇంటివారికి తెలియదు. అంగడివాడు తెలిసికొన యత్నింపడు. ఈ రెండింటి నడుమ రెండువేల రూపాయలు చేతులు మారును.

ఆపరేటింగు సిస్టమనగా కంప్యూటరుయొక్క అంగములన్నిటిని నడిపించు మూలక్రమము. మన యిండ్లలో ఎక్కువగా కనబడునది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. ఆ సంస్థ ఎక్కడనో సముద్రముల కావల నున్నదని అనుకొందుము గాని, 2014లో దానికి అధిపతియైన సత్య నాదెళ్లగారి పూర్వుల గ్రామము బుక్కాపురము పులివెందుల సీమకు పొరుగుననున్న ఎల్లనూరు మండలములోనిదే. విండోస్‌ను కొన్నప్పుడు మనకు లభించునది ఆ క్రమముపై యాజమాన్యము కాదు. దానిని ఒక యంత్రములో నడుపుకొను అనుమతి. ఆ అనుమతికి గుర్తు ప్రోడక్ట్ కీ. అది ఇరువదియైదు అక్షరముల మాల. ఐదేసి అక్షరముల చొప్పున ఐదు గుంపులుగా వ్రాయబడియుండును.

ఈ తాళపుచెవికి రెండు పరీక్షలున్నవి. మొదటి పరీక్ష ఇంటిలోనే జరుగును. అక్షరముల కూర్పు నియమము ప్రకారమున్నదా లేదా యని కంప్యూటరే లెక్కవేసి చూచును. రెండవ పరీక్ష ఇంటర్నెట్టు ద్వారా సంస్థవారి సర్వరు వద్ద జరుగును. ఈ తాళపుచెవి ఇదివరకు వేరొక యంత్రమున వాడబడినదా, ఎన్ని యంత్రములకు అనుమతి గలదు, దీనిని నిషేధించినామా యని సర్వరు విచారించును. ఈ రెండవ పరీక్షకే యాక్టివేషనని పేరు. గృహస్థులు కొను విండోస్‌కు ఈ పద్ధతి 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో ఆరంభమైనది. అప్పుడు సర్వరు మన పేరును, ఊరును చూడదు. మన యంత్రములోని భాగములనుండి లెక్కగట్టిన ఒక గుర్తును చూచును. ఆ గుర్తులో మదర్‌బోర్డునకు ప్రాధాన్యము హెచ్చు. ఈ రెండు పరీక్షలను వేర్వేరుగా మనసునం దుంచుకొన్నచో సగము చిక్కులు తామే విడిపోవును. “ఈ తాళపుచెవి సరికాదు” అని అక్షరములు వ్రాసిన వెంటనే తెర పలికినచో అది మొదటి పరీక్షలోని తప్పు, అనగా వ్రాతలోని పొరపాటు గాని, తాళము ఒకటి చెవి వేరొకటి యగుట గాని. చెవిని అంగీకరించి, ఇంటర్నెట్టు తగిలిన పిమ్మట నిరాకరించినచో అది రెండవ పరీక్షకు చెందిన వ్యవహారము.

ఇక తాళపుచెవి ఎక్కడ నుండును? కంప్యూటరు కొన్న కాలమును బట్టి దాని నివాసము మారుచు వచ్చినది.

విండోస్ 7 కాలమువరకు, అనగా 2012కు పూర్వము, కొనిన యంత్రములకు ఒక చీటీ అతికించి యిచ్చెడివారు. ల్యాప్‌టాప్ అడుగుభాగమున గాని, బ్యాటరీని ఊడదీసినచో దాని క్రింద గాని, బల్లమీది కంప్యూటరైనచో పెట్టె ప్రక్కన గాని ఆ చీటీ యుండును. చేతి చెమటకు, ఒరిపిడికి అందలి అక్షరములు చెరిగిపోవుట సహజము. 2012లో విండోస్ 8 వచ్చిన పిమ్మట పెద్ద తయారీదారులు ఆ అక్షరములను చీటీమీద ముద్రించుట మానివేసి, మదర్‌బోర్డులోని చిన్న జ్ఞాపకపు చిప్పులోనే లిఖించి యిచ్చుచున్నారు. డిస్కును మొత్తము తుడిచివేసినను అది చెరగదు, ఏలననగా అది డిస్కులో లేదు. విండోస్‌ను మరల ఎక్కించునపుడు ఆ క్రమమే చిప్పులోని చెవిని చదువుకొనును. మనల నడుగనే అడుగదు. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చినప్పుడు మూడవ పద్ధతి పుట్టినది. దీనిని డిజిటల్ లైసెన్సందురు. ఇందులో అక్షరములతో పనిలేదు. మన యంత్రపు గుర్తు సర్వరులోని చిట్టాలో నమోదై యుండును. అదే యంత్రములో అదే రకపు విండోస్‌ను మరల ఎక్కించి ఇంటర్నెట్టు తగిలించినంతనే, సర్వరు ఆనవాలు పట్టి అనుమతి నిచ్చును.

మన రైతులకీ భేదమును బోధపరచుట సులభము. పట్టాదారు పాసుపుస్తకము చేతిలో నుండుట యొకటి, రెవెన్యూ చిట్టాలో పేరెక్కియుండుట మరియొకటి. చీటీ పాసుపుస్తకము వంటిది, చిరిగిన నష్టము. డిజిటల్ లైసెన్సు చిట్టాలోని పద్దు వంటిది. మన చేతిలో కాగితము లేకున్నను పద్దు చెరగదు.

ఇవి గాక, అంగడిలో విడిగా పెట్టెతో గాని, ఇంటర్నెట్టులో గాని కొన్న తాళపుచెవు లున్నవి. వాటి అక్షరములు పెట్టెలోని చీటీమీదనో, మనకు వచ్చిన ఈమెయిలులోనో ఉండును. వీటిని పాత యంత్రమునుండి తొలగించి కొత్త యంత్రమునకు మార్చుకొనవచ్చును. కాని తయారీదారుడు ల్యాప్‌టాప్‌తోబాటు ఇచ్చిన అనుమతి ఆ ల్యాప్‌టాప్‌నే అంటిపెట్టుకొని యుండును. దానిని ఊడదీసి వేరొకదానికి తగిలించుట కుదరదు. పాతబడిన ల్యాప్‌టాప్‌ను ఎవరైన కొన్నచో ఆ అనుమతియు దానివెంటనే వారికి చేరును.

మరి తుమ్మలపల్లె ల్యాప్‌టాప్ 2021నాటిది గదా. దాని చెవి చిప్పులోనే యుండవలెను. ఉన్నను తెరమీద ఆ వ్రాత యేల వచ్చినది? జాబు చదివి మా కేంద్రములోని ఇంజనీరు మిత్రుడొకడు నవ్వి, “రకము మారియుండును, అడిగి చూడు” మని చెప్పినాడు. ఫోనులో అమ్మాయిని పిలిచి, సెట్టింగ్సులో సిస్టమను చోటికి పోయి యాక్టివేషనను వరుసను చదివి వినిపింపు మంటిని. “విండోస్ 11 ప్రో అని ఉంది సార్” అన్నది. కొన్ననాటి బిల్లులో ఏమున్నదని అడిగితిని. కొంతసేపు వెదకి, “విండోస్ 10 హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంది సార్” అని చదివినది. రోగము అక్కడనే బయటపడినది.

విండోస్‌లో హోమ్, ప్రో మొదలగు రకములున్నవి. వీటిని ఎడిషనులందురు. మనదేశమున గృహస్థులకు అమ్ము ల్యాప్‌టాప్‌లలో అనేకము హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అను రకముతో వచ్చును. అందులో తెరమీది మాటలు ఒకే భాషలో కనబడును. అయినను తెలుగులో టైపు చేసికొనుట కేమియు అడ్డు లేదు. ఒక రకమునకు ఇచ్చిన తాళపుచెవి వేరొక రకమును తెరువదు. ఇంటి తాళపుచెవితో గోదాము తలుపు తీయబోయిన తెరచుకొనునా? అంగడివాని పెన్‌డ్రైవులో ప్రో మాత్రమే ఉన్నది. అందరి యంత్రములకును అతడదే ఎక్కించును. చిప్పులోని చెవి హోమ్‌ది, ఎక్కినది ప్రో. చెవి పోలేదు, తాళము మారినది.

దీనికి చేయవలసిన పని సులభము. సంస్థవారి సొంత వెబ్‌సైటునుండి విండోస్‌ను ఎక్కించు సాధనమును ఉచితముగా దింపుకొనవచ్చును. ఎనిమిది గిగాబైట్లకు తక్కువకాని ఖాళీ పెన్‌డ్రైవు కావలెను. ఐదు గిగాబైట్లకు పైబడిన డేటా ఖర్చగును. ఆ పెన్‌డ్రైవుతో మరల ఎక్కించినచో క్రమము చిప్పులోని చెవిని చదివి తనకు తగిన రకమును తానే యెన్నుకొనును. ఒకవేళ చెవిని వ్రాయుమని అడిగినచో, “నా వద్ద ప్రోడక్ట్ కీ లేదు” అను వరుసను నొక్కి, తరువాత కనబడు జాబితాలో బిల్లునందలి రకమునే ఎన్నుకొనవలెను. ఆ అమ్మాయి ఒక ఆదివారము సాయంకాలము ఇదంతయు తానే చేసినది. ఇంటర్నెట్టు తగిలించిన కొంతసేపటికి యాక్టివేషను వరుసలో అనుమతి కలదని కనబడినది. మూలనున్న వ్రాత మాయమైనది. రెండువేల రూపాయలు ఇంటిలోనే యున్నవి.

విండోస్ 10నుండి విండోస్ 11కు పోయినను అనుమతి చెడదు. పాత హోమ్‌కు కొత్త హోమ్, పాత ప్రోకు కొత్త ప్రో చెల్లును. రకము దాటుటయే కూడదు.

ఇప్పుడు అక్షరములను చేత వ్రాయవలసిన వారి సంగతి చెప్పెదను. రేడియోలో పనిచేయు మాకు అక్షరధ్వనుల తంటాలు బాగుగ తెలియును. ఇంగ్లీషులో బి, డి, పి, టి, వి అను అక్షరములు ఫోనులో ఒక్కటిగనే వినబడును. కావున ఎవరైన తాళపుచెవిని ఫోనులో చదివినప్పుడు బి యనగా బొంబాయి, డి యనగా ఢిల్లీ, పి యనగా పూనా, టి యనగా తిరుపతి, వి యనగా విజయవాడ యని ఊరి పేరుతో చెప్పించుకొనుడు. చూపునకు కలుగు పొరపాట్లకు ఒక మంచి ఉపాయమున్నది. విండోస్ తాళపుచెవులలో ఇరువదినాలుగు గుర్తులనే వాడుదురు: బి, సి, డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎమ్, పి, క్యూ, ఆర్, టి, వి, డబ్ల్యూ, ఎక్స్, వై అను అక్షరములు, 2, 3, 4, 6, 7, 8, 9 అను అంకెలు. విండోస్ 8నుండి ఎన్ అను అక్షరము కూడ చేరినది. ఇంగ్లీషు అచ్చులైదును లేవు. ఎల్, ఎస్, జెడ్ లేవు. సున్న, ఒకటి, ఐదు లేవు. పోలికవలన కలుగు భ్రాంతి తగ్గుటకే ఈ యేర్పాటు. కనుక చీటీమీద సున్నవలె గాని ఓవలె గాని కనబడినది క్యూ యో డి యో యగును. జెడ్‌వలె కనబడినది 2 అంకె. బికిని 8కిని, జికిని 6కును మాత్రము భేదమును పరీక్షించి చూడవలెను. చీటీ మాసినచో పగటి వెలుతురులో ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూచుట మేలు.

అక్షరములన్నియు సరిగానే యున్నను సర్వరు నిరాకరించుట కలదు. అప్పుడు తెరమీద ఒక సంకేతసంఖ్య వచ్చును. దాని ముందు సున్న, ఎక్స్ అని యుండును. జనులు దానిని చూచి భయపడి మూసివేయుదురు. కాని వైద్యునికి నాడివలె మనకదే ఆధారము. సి004ఎఫ్050 అని వచ్చినచో చెవి తప్పు, లేదా రకము సరిపడలేదు. సి004సి008 అని వచ్చినచో ఆ చెవిని అనుమతికి మించిన యంత్రములలో వాడినారు. సి004సి003 అని వచ్చినచో సర్వరు ఆ చెవిని నిషేధించినది. సి004ఎఫ్211 అని వచ్చినచో యంత్రపు భాగములు మారినవి, ముఖ్యముగా మదర్‌బోర్డు. సి004ఎఫ్074 అని వచ్చినచో మీ యంత్రములో ఎక్కినది ఏదో సంస్థకు చెందవలసిన ప్రతి; దీనిని గూర్చి మరల చెప్పెదను. ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసికొనక మరమ్మతుకు పోరాదు.

మదర్‌బోర్డు మార్చినచో యంత్రపు గుర్తు మారును. చిట్టాలోని పద్దుతో పొసగదు. మునుపే మీ అనుమతిని మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడివేసికొని యున్నచో ఉపాయమున్నది. యాక్టివేషను పుటలోని ట్రబుల్‌షూటర్‌ను తెరచి, ఇటీవల యంత్రభాగము మార్చితినను వరుసను నొక్కి, ఖాతాలో ప్రవేశించి, జాబితాలో మీ యంత్రమును చూపవలెను. తయారీదారుని సేవాకేంద్రములో బోర్డు మార్పించినచో, కొత్త బోర్డులో మీ చెవిని మరల లిఖించితిరా యని అక్కడనే అడిగి, యంత్రమును వెలిగించి చూచుకొని రావలెను.

మరియొక చిన్న కారణము పెద్ద చిక్కులను తెచ్చును. మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ యుండును. అది కరెంటు లేనప్పుడును గడియారమును నడిపించును. పాత కంప్యూటర్లలో అది నీరసించినచో, విద్యుత్తు పోయి వచ్చినప్పుడెల్ల తేదీ కొన్ని సంవత్సరములు వెనుకకు పోవును. అప్పుడు సర్వరు చూపు ధ్రువపత్రముల తేదీలు మన యంత్రపు తేదీతో సరిపడవు, సంభాషణ తెగిపోవును. చెవి మంచిదే, సర్వరు మంచిదే, గడియారము చెడ్డది. కావున మొట్టమొదట తేదీని, కాలమును, ఇంటర్నెట్టును చూచుకొనుడు. స్వల్పవ్యయమున తీరు రోగమునకు శస్త్రచికిత్స వలదు.

ఇక అంగళ్లలో “వేసి యిత్తు” మనెడి తాళపుచెవుల సంగతి. పెద్ద కార్యాలయములకు, కళాశాలలకు సంస్థవారు ఒక ప్రత్యేక పద్ధతి ఏర్పరచినారు. అక్కడి యంత్రములు తమ కార్యాలయములోని సర్వరునే అడిగి అనుమతి పొందును. ఆ అనుమతి నూట ఎనుబది దినములకు మాత్రమే చెల్లును. ఈ లోపల ఆ సర్వరును మరల మరల కలిసికొని దానిని పొడిగించుకొనుచుండవలెను. కొందరు అంగడివారు ఈ రకపు ప్రతిని ఇంటి యంత్రములో ఎక్కించి, ఒక దొంగసాధనముతో అట్టి సర్వరు ఉన్నట్లు నటింపజేయుదురు. ఆ సాధనము ఎక్కుటకై ముందు వైరసు కాపలాను ఆపివేయుదురు. అప్పటికి అన్నియు బాగుగనే యుండును. ఆరు నెలలకు గడువు తీరగానే మూలన వ్రాత మరల వచ్చును. మరల అంగడి, మరల రుసుము. “ఆరేడు నెలలకొకసారి ఇదే గొడవ సార్” అని చెప్పువారి యిండ్లలో తరచు కారణ మిదియే. కాపలావానిని పంపివేసి తలుపు తెరచినవాడు తరువాత లోపలికి వచ్చువానిని అడ్డగింపలేడు. బ్యాంకు లావాదేవీలు జరుపు యంత్రములో ఇట్టి సాధనమును ఉంచుకొనుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్టులో కొద్ది వందలకు అమ్ము తాళపుచెవులలోను పెక్కు ఇట్లు సంస్థలనుండి జారివచ్చినవే. నేడు పనిచేసి రేపు నిషేధింపబడవచ్చును. కొనదలచినచో బిల్లు ఇచ్చువారి వద్దనే కొనుడు. బిల్లు ఉండి మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయవాణికి 1915 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును.

తాళపుచెవులలో మరియొక రకమున్నది. దానిని దీనితో కలపరాదు. నేటి ల్యాప్‌టాప్‌లు పెక్కు తమ డిస్కులోని విషయమును గూఢలిపిలో భద్రపరచును. మరమ్మతులో కొన్ని అమరికలు మారినచో, వెలిగించినప్పుడు నీలిరంగు తెర వచ్చి నలువదియెనిమిది అంకెల సంఖ్యను అడుగును. అది బిట్‌లాకర్ రికవరీ కీ. అది ప్రోడక్ట్ కీ కాదు. అందులో అక్షరములుండవు, అంకెలే యుండును. ప్రోడక్ట్ కీ లేకున్నచో మూలన వ్రాత వచ్చును, రంగులు మార్చుకొనుట వంటి కొన్ని సౌకర్యములు పోవును. యంత్రము మాత్రము నడచుచునే యుండును, మన ఫైళ్లు చెక్కుచెదరవు. రికవరీ కీ లేకున్నచో డిస్కులోని ఫైళ్లు మనకే అందవు. మొదటిది లేకున్నను దినము గడచును. రెండవది లేకున్న సర్వస్వము పోవును. మైక్రోసాఫ్ట్ ఖాతాతో అమర్చుకొన్న యంత్రములకు ఈ సంఖ్య సాధారణముగా ఆ ఖాతాలోనే భద్రపడియుండును. దానిని నేడే చూచి కాగితముమీద వ్రాసి బీరువాలో పెట్టుకొనుడు.

పాత యంత్రముల వారికి రెండు మాటలు. విండోస్ 7, 8ల తాళపుచెవులతో విండోస్ 10ని, 11ని తెరచుట చాలకాలము సాగినది. సంస్థవారు 2023 సెప్టెంబరులో ఆ దారిని మూసివేసిరి. అంతకు మునుపే ఆ విధముగా అనుమతి పొంది చిట్టాకెక్కిన యంత్రములకు భయము లేదు. విండోస్ 10కి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11కు కావలసిన భద్రతా చిప్పు మొదలగునవి లేని యంత్రముండి, చెవి దొరకక, డబ్బు వెచ్చింప నిష్టము లేనివారికి మరియొక మార్గము గలదు. లినక్స్ అను స్వేచ్ఛా ఆపరేటింగు సిస్టమునకు తాళపుచెవియే లేదు. దానిని ఎవరైనను దింపుకొనవచ్చును, ఎన్ని యంత్రములలోనైనను ఎక్కించుకొనవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు దానితోనే కంప్యూటరు నేర్పుచున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులో అందించుటకు పాటుపడినారు. అయితే కళాశాలలో విండోస్‌లోనే నడచు క్రమములను వాడవలసిన విద్యార్థులు ముందుగా ఉపాధ్యాయుల నడిగి నిశ్చయించుకొనవలెను.

కడపట, మరమ్మతుకు ఇచ్చుటకు ముందు ఇంటిలో అరగంట చేయవలసిన పని యొకటున్నది. యాక్టివేషను పుటను తెరచి, విండోస్ రకమును, అనుమతి యే విధమైనదో అచటి వాక్యమును ఫోనుతో ఫోటో తీయుడు. అడుగున చీటీ యున్నచో దానిని తీయుడు. బిల్లును తీయుడు. అనుమతిని మీ ఖాతాతో ముడివేయుడు. ఖాతా సంకేతపదము ఇంటిలో ఇద్దరికైనను తెలియవలెను. నలువదియెనిమిది అంకెల సంఖ్యను వ్రాసికొనుడు. ఆఫీస్ మొదలగు క్రమములకు అనుమతి వేరు. అవి యే ఖాతాతో తెచ్చుకొన్నవో గుర్తుంచుకొనుడు. అన్నిటికంటె ముందు ఫోటోలు, పాఠములు, కాగితములు వేరొక పెన్‌డ్రైవులోనికి గాని డిస్కులోనికి గాని ఎత్తిపెట్టుడు. పిదప అంగడివానితో, “దీనిలో ఉన్న రకమునే మరల ఎక్కింపుము, వేరొకటి వద్దు” అని స్పష్టముగా చెప్పుడు. ఆ ఒక్క వాక్యము రెండువేల రూపాయల విలువ చేయును.

తుమ్మలపల్లె పెద్ద అడిగిన న్యాయాన్యాయముల ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. కొన్న వస్తువుకు మరల తాళపుచెవి కొననక్కరలేదు. ఆయన 2021లో చెల్లించిన ధరలోనే ఆ అనుమతియు చేరియున్నది. అది నేటికిని ఆయన యింటి బల్లమీద, ఆ యంత్రపు గర్భములోనే భద్రముగ నున్నది. ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు ఆయన చాల సంతోషించినాడు. పిమ్మట కొంచెము తడవాగి, “మరి పాప ఫోటోలు సార్?” అని అడిగినాడు. అంగడివాడు డిస్కును తుడిచినప్పుడు రెండు సంవత్సరముల ఫోటోలు అందులోనే యుండినవట. వాటికి వేరే ప్రతి లేదు. తాళపుచెవిని చిప్పు కాపాడినది; చిట్టాను సర్వరు కాపాడును. ఫోటోలను కాపాడవలసినవారము మనమే. ఆ మాట ఆయనతో చెప్పుటకు నాకు నోరు రాలేదు. మీతో మాత్రము ముందుగనే చెప్పుచున్నాను.